బీపీ మిషన్ జప్తు

తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు ఆ రోజు ఎనిమిదింటికల్లా ఆఫీసులో ఉండాలనుకున్నాడు. బూట్లు వేసుకుని కూర్చుంటే భార్య వచ్చి జబ్బకి బీపీ మిషన్ పట్టీ చుట్టేసింది. నూట డెబ్భై రెండు బై నూట నాలుగు!

"వారం నుంచీ ఇదే వరస. డాక్టరమ్మ రాసిన మాత్ర ఇవాళైనా వేసుకోండి," అంది.

"నాకా బీపీ? తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు. మూడంతస్తులు గబగబా ఎక్కేస్తాను. నీ మిషనే దొంగది!"

"బావగారూ ఏ నొప్పీ లేదనే అన్నారు. ఇప్పుడు పక్షవాతం వచ్చి చొక్కా గుండీ పెట్టుకోడానికి చెయ్యి లేవట్లేదు. నాకు భయంగా ఉందండీ."

అన్నగారి మాటెత్తేసరికి ఆయనకీ లోపల గుబులు పుట్టింది. అది బయటపడితే ఇంకేమన్నా ఉందా! ఇరవై ఆరేళ్లుగా దుకాణాల కాటాలు జప్తు చేస్తున్న మనిషి. సంచీలోంచి పుస్తకం తీసి, "ముద్ర లేని కొలత పరికరం, ఒకటి" అని రసీదు రాసి భార్య చేతిలో పెట్టాడు.

"నా మిషన్ని నా ఇంట్లోనే జప్తు చేస్తారా!"

"చేస్తా. ఇది సరైనదని తేలితే బతికినన్నాళ్లూ మాత్రలు మింగుతా, సరేనా?" అంటూ మిషన్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆఫీసులో సంగతేమిటో చెప్పకుండా ఒక్కొక్కరినే పిలిచి, పట్టీ చుట్టి, అంకె కాగితం మీద ఎక్కించాడు. మూడో మనిషి బయటికొచ్చేసరికి పుకారు లేచింది. బీపీ ఉన్నవాళ్లని బదిలీ చేస్తారట! ఇంకేముంది, అందరి గుండెలూ దడదడలాడాయి. టైపిస్టుకి నూట అరవై. గుమాస్తాకి నూట డెబ్భై. గోలేమిటని పరుగెత్తుకొచ్చిన పెద్దాఫీసరుకి నూట ఎనభై అయిదు.

"చూశారా!" ఇన్‌స్పెక్టరు బల్ల గుద్దాడు. "ఆఫీసంతటికీ బీపీయా? మిషన్ దొంగదే!"

"అది తర్వాత చూద్దాం. ముందు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లవయ్యా!" అన్నాడు పెద్దాఫీసరు చెమట తుడుచుకుంటూ. ఆఫీసుకి తాళం పడింది. అందరూ వీధి దాటి క్లినిక్‌లో పడ్డారు.

డాక్టరమ్మ కథంతా విని నవ్వాపుకుంది. "బదిలీలూ లేవు, ఏమీ లేవు. వెన్ను ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి అయిదు నిమిషాలు కూర్చోండి. మాట్లాడకండి. కంగారుపడినా, పరుగెత్తొచ్చినా అంకె పెరుగుతుంది."

తరువాత అదే మిషన్‌తో, తన మిషన్‌తో కూడా చూసింది. పెద్దాఫీసరుతో సహా అందరికీ దిగిపోయింది. రెండు మిషన్లకీ తేడా రెండు అంకెలు మించలేదు. మిగిలింది ఇన్‌స్పెక్టరు. మూడుసార్లు చూసినా నూట డెబ్భై దిగలేదు.

"ఇంకోసారి చూడండి!"

"ఎన్నిసార్లు చూసినా ఇంతే. బీపీ చెప్పి రాదండీ. ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, మాత్ర మానకండి. మీ అన్నగారికీ ఇదే చెప్పాను. వినలేదు."

ఇన్‌స్పెక్టరుకి మొదటిసారి నిజంగా భయమేసింది. కొలతలో తేలిన అంకెని ఉద్యోగంలో చేరిన నాటినుంచీ కొట్టేసి ఎరగడు. "పరికరం సరైనది" అని రాసి సంతకం పెట్టాడు.

సాయంత్రం ఆ కాగితం చదివి భార్య కళ్లు తుడుచుకుంది. మాత్ర తెచ్చి అరచేతిలో పెట్టింది.

"భయపడి కాదు. మాటిచ్చాను కనక వేసుకుంటున్నాను," అన్నాడు.

"ఎందుకైతేనేం, మింగండి."

మింగాడు. కాకపోతే ముందు దాన్ని తూచాడు.