చార్టుకు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలోని పరమానందం

ఈ కాలం మనిషికి దొరికిన గొప్ప వరం ఏమిటో తెలుసా? అంకెల్ని బొమ్మలుగా చూపించే సాఫ్ట్‌వేర్లు వందలకొద్దీ ఉండటం. ఒక్కటే ఉంటే ఎంత ప్రమాదం! చచ్చినట్టు దాంతోనే బొమ్మ గీసేవాళ్ళం. గీశాక ఎవరికో చూపించాల్సి వచ్చేది. చూపించాక ఏదో ఒక పని జరిగిపోయేది. అంతటి ఉపద్రవం నుంచి మా ఊరిని ఇన్నాళ్ళూ కాపాడుకొచ్చింది ఆ వందల సాఫ్ట్‌వేర్లే.

ఈ విషయంలో నన్ను తక్కువగా చూడకండి. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. విరగని గుండు పప్పు ఒక పక్కకి, రెండుగా విడిన బద్ద ఒక పక్కకి, ముక్క ఇంకో పక్కకి. ఏరడమే నా ఉద్యోగం. డిగ్రీలో చదివిన స్టాటిస్టిక్స్ మొత్తం జీడిపప్పు మీదే ఖర్చయిపోయింది. అందుకే మా ఊరి కిడ్నీ బాధితుల సంఘం, చార్టుకి మంచి సాఫ్ట్‌వేర్ ఏరే బాధ్యత నాకు అప్పగించింది. పాపం, వాళ్ళకి ఒకటి తెలియదు. ఏరడం అలవాటైనవాడికి ఆపడం అలవాటుండదు.

మాది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. మా వైపు ఇద్దరు మనుషులు ఎదురుపడితే "బాగున్నావా" అనుకోరు. "ఎంతుంది?" అంటాడు ఒకడు. "రెండు పాయింట్ ఆరు" అంటాడు రెండోవాడు. రక్తంలో క్రియాటినిన్ అన్నమాట. అది పెరిగిందంటే కిడ్నీ నీరసిస్తున్నట్టు. పెళ్ళి భోజనాల దగ్గర కూడా వరస కలుపుకోవడం అయిపోగానే ఈ అంకెలే కలుపుకుంటాం.

డయాలసిస్ కోసం పలాస వెళ్ళేవాళ్ళకి ఒక బండి తిరుగుతుంది. అది మెయిన్ రోడ్డు మలుపులోనే ఆగిపోతుంది, ఊళ్ళోకి రాదు. మధ్యలో జీడితోటలు, కాలు దిగబడే ఇసక దారి. మా వీధిలో ఉండే రత్నాలమ్మ ఆ దారిన వెళ్ళేటప్పుడు నడిచే వెళుతుంది. వచ్చేటప్పుడు, మిషను ఒంట్లో నీరంతా లాగేశాక, చెట్టుకొకసారి కూలబడుతుంది. మొన్న వేసవిలో ఒకసారి లేవలేక అక్కడే పడుకుండిపోతే, కొబ్బరికాయలు తోలుకొచ్చే ట్రాక్టరువాడు చూసి ఎక్కించుకొచ్చాడు. ఆ బండి ఊళ్ళోకి రావాలి. మా సంఘం కోరిక మొత్తం అంతే.

ఒక అధికారిని కలిశాం. మంచి మనిషి. "మీ ఊళ్ళో పరిస్థితి ఒక్క బొమ్మలో చూపించండి, నెలవారీ రివ్యూలో పెడదాం" అన్నారు.

ఒక్క బొమ్మ! ఇంతకంటే సులువైన పని ఉంటుందా?

సంఘం అధ్యక్షుడు జగదీశ్వరరావు గారి వరండాలో కూర్చున్నాం. ఉపాధ్యక్షుడు ధర్మారావు ఆయనకి బావమరిది. ఇద్దరివీ పెద్ద తోటలు, వేరే వేరే పార్టీలు. ధర్మారావు కుర్చీలో కూర్చోకుండానే తేల్చేశాడు.

"టెక్కలిలో జిరాక్సు షాపోడి కంప్యూటర్‌లో ఏదుంటే దాంట్లో గీయించీండి బావా. మద్దేనానికి అయిపోద్ది."

మధ్యాహ్నానికా? ముక్క పప్పుతో పెళ్ళి పాయసం వండుతామా అని అడిగాను. అప్పుడే లోపలినుంచి జగదీశ్వరరావు గారి అల్లుడు ఫణీంద్ర టీ కప్పుతో వచ్చాడు. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాడు. ఆ ఇల్లు ప్రస్తుతం అత్తగారిది.

"చార్టు కాదు మావయ్యా, డాష్‌బోర్డ్ ఉండాలి. ఇంటరాక్టివ్‌గా. వీధి మీద నొక్కితే వీధి తెరుచుకోవాలి."

అల్లుడి మాట పదిమందిలో కాదనే మావగారు మా మండలంలో ఇంకా పుట్టలేదు. "అదే మరి, తెరుసుకోవాల" అన్నారు జగదీశ్వరరావు గారు. జిరాక్సు షాపు అక్కడితో సమాప్తం.

ఇక చూడండి నా వైభవం! ఒక్కో సాఫ్ట్‌వేర్ ట్రయల్ తీసుకోవడం, గ్రేడ్ వేయడం. ఒకటి గుండు అనుకుని దించుకుంటే, బొమ్మ మీద అడ్డంగా కంపెనీ పేరు అచ్చేస్తుంది. అది బద్ద. ఇంకొకటి బొమ్మ గీస్తుంది, దాచుకోవడానికి కార్డు నంబరు అడుగుతుంది. అది ముక్క. ఒక మ్యాప్ సాఫ్ట్‌వేర్ మా ఊరిని తీసుకెళ్ళి సముద్రంలో పెట్టింది. ధర్మారావు చాలాసేపు పరీక్షగా చూసి, "పోన్లే, పడవకైతే రేవుంటాది. బండి అడగక్కర్లేదు" అన్నాడు.

ఈ ట్రయళ్ళ వల్ల మనిషికి కలిగే మేలు గురించి ఎవరూ రాయరెందుకో. మా ఇంట్లో నేనొక్కణ్ణే. మా ఆవిడ పార్వతి పోయాక నన్ను "తిన్నావా" అని అడిగిన నాథుడు లేడు. ట్రయల్ కోసం ఫోన్ నంబర్ ఇచ్చానో లేదో, బెంగళూరు నుంచి పావని అనే అమ్మాయి రోజూ పలకరించడం మొదలుపెట్టింది. "సార్, లాగిన్ అయ్యారా? ఏమైనా ఇబ్బందిగా ఉందా సార్?" ఇబ్బందిగా ఉందా అని అడిగే మనిషి ఊరికే దొరుకుతుందా? అంత మర్యాదకి లొంగి ట్రయల్ పొడిగించమన్నాను. ఆ అమ్మాయి తన టార్గెట్ కోసమే అడుగుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా పొద్దున్న ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఈలోగా రివ్యూలు వస్తున్నాయి, పోతున్నాయి. దారిలో కనిపించినప్పుడల్లా రత్నాలమ్మ అడిగేది. "బొమ్మ అయిందా సూపర్వైజరు బాబూ?"

"టూల్ ఫైనల్ అవుతోంది రత్నాలమ్మా."

"ఓహో" అనేది. పెద్ద జబ్బు పేరు విన్నట్టు తల ఊపి వెళ్ళిపోయేది.

టూల్ దాదాపు ఖాయమైంది అనుకున్న రోజున బార్ల గొడవ వచ్చింది. ఒక్కో వీధి కిడ్నీ కేసుల్ని ఒక్కో నిలువు పట్టీగా, అంటే బారుగా పెడితే, జగదీశ్వరరావు గారి వీధి బారు అన్నిటికంటే పొట్టిగా వచ్చింది. నిజానికి అది పండగ చేసుకోవాల్సిన వార్త. ఆయన మొహం మాడిపోయింది.

"మా ఈది ఏనాడైనా ఆఖర్న ఉందేటి?"

"ఇది తక్కువుంటేనే మంచిదండీ" అన్నాను.

"మంచిదేలే. సూసేవోడికి తెలవాల గదా."

కాబట్టి బార్లని ఎత్తు ప్రకారం కాకుండా మర్యాద ప్రకారం పేర్చగల సాఫ్ట్‌వేర్ కోసం మళ్ళీ అన్వేషణ. దొరికింది కూడా. మనిషి ఏది కోరినా ఎవడో ఒకడు బటన్ పెట్టి ఉంచుతాడు.

ఆ తర్వాత రంగులు. ఇతర రాష్ట్రాలవాళ్ళకి ఈ కష్టం అర్థం కాదు. మన దగ్గర ఖాళీగా ఉన్న రంగు ఏదైనా ఉందా? ప్రతి రంగూ ఏదో ఒక జెండా ఎక్కి కూర్చుంది.

"పెరిగిన బారుకి మా రంగేటి బావా? రోగం మేం తెచ్చినట్టుంది" అన్నాడు ధర్మారావు.

"మరి తగ్గినదానికి మీ రంగేస్తే తగ్గించింది మీరేనని ఊరేగుతారు గదా" అన్నారు జగదీశ్వరరావు గారు.

రెండు వారాలు రాజీ చర్చలు నడిచాయి. చివరికి ఏ పార్టీ అడగని రంగులు మూడు తేలాయి. జీడిపిక్క రంగు, కొబ్బరిపీచు రంగు, ఎండుటాకు రంగు. ఫణీంద్ర స్క్రీన్ దగ్గరికీ దూరానికీ జరిగి చూశాడు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి మావయ్యా. ఏది పెరిగిందో తెలీడం లేదు."

"ఉండనీ బాబూ. గొడవ లేదు."

అల్లుడి మాట కాదనడం ఆ ఇంట్లో అదే మొదలు. ప్రజాసేవ అంటే అంత త్యాగం మరి.

ఒక్కటి మాత్రం వ్యంగ్యం లేకుండా చెప్పుకోనివ్వండి. ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ పరీక్షించడానికి నేను పార్వతి క్రియాటినిన్ అంకెలే వేసేవాణ్ణి. నాకు కంఠతా వచ్చిన అంకెలు అవే. కొన్ని సాఫ్ట్‌వేర్లు "ఖాళీ గడులున్న వరసను తొలగించమంటారా?" అని అడిగేవి. వద్దు అని నొక్కేవాణ్ణి. ఒకటి మాత్రం ఏమీ అడగలేదు. ఆవిడ గీత ఆగినచోట ఆగకుండా, అక్కడి నుంచి చుక్కలు చుక్కలుగా ముందుకు పోయింది. ఈ ఏడాది మీదుగా, వచ్చే ఏడాదిలోకి. పైకి పోయే గీతే, మంచి గీత కాదు. అయినా వచ్చే ఏడాదిలో ఉంది కదా! ఆ సాఫ్ట్‌వేర్‌కి గుండు గ్రేడ్ ఇచ్చాను. సంఘం కారణం అడిగితే, ఫీచర్లు బాగున్నాయన్నాను. మేం ఎంచుకున్నది అదే.

ఎట్టకేలకు బొమ్మ తయారైంది. ఒక బుధవారం ధోవతి ఇస్త్రీ చేయించుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రివ్యూకి వెళ్ళాను. రత్నాలమ్మనే తీసుకెళ్ళాలని ముందు అనుకున్న మాట వాస్తవం. కానీ రివ్యూ ఎప్పుడూ బుధవారమే. ఆమెకి మిషను ఉండే రోజుల్లో బుధవారం కూడా ఒకటి. మనిషి రాలేని రోజున పెడతారు కాబట్టే మీటింగులకి బొమ్మలు అవసరమవుతాయి కాబోలు.

హాల్లో ఏసీ ఉంది. ప్లేటులో జీడిపప్పు పెట్టారు. బద్దే అయినా బాగా వేయించారు. నా బొమ్మ గోడ మీద పడగానే గదంతా గోధుమ రంగు వెలుగు నిండింది. వీధి మీద నొక్కితే వీధి తెరుచుకుంది. అధికారి గారు ముందుకు వంగారు.

"ఎక్సలెంట్! ఏ టూల్ వాడారండీ?"

పాఠకులారా, జీవితంలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. చెప్పడం మొదలుపెట్టాను. ట్రయళ్ళ గురించి చెప్పాను. గుండు, బద్ద, ముక్క గురించి చెప్పాను. మర్యాద ప్రకారం బార్లు పేర్చే బటన్ చూపిస్తే ఇద్దరు రాసుకున్నారు. మిగతా ఊళ్ళవాళ్ళు మీ దగ్గర నేర్చుకోవాలి అన్నారు. అన్ని ఊళ్ళకీ కలిపి ఒకే టూల్ ఎంపిక చేయడానికి అక్కడికక్కడే ఒక కమిటీ వేశారు. అందులో నేను మెంబర్ని. చప్పట్లు కూడా కొట్టారు. బయటికొచ్చి, చాలా కాలం తర్వాత, హోటల్లో ఒక్కణ్ణే కూర్చుని స్వీట్ తిన్నాను.

ఊళ్ళోకి వచ్చేసరికి రత్నాలమ్మ తన గుమ్మంలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అప్పుడే మలుపు నుంచి నడిచి వచ్చినట్టుంది, కాళ్ళకి ఇసక ఇంకా కడుక్కోలేదు.

"ఏటన్నారు బాబూ?"

"బొమ్మ చాలా బాగుందన్నారు రత్నాలమ్మా. ఊరికే పేరొచ్చింది."

"మంచిదే. బండెప్పుడొత్తాదట?"

"ఆ మాట రాలేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది.

"ఆళ్ళు అనకపోతే, నువ్వు అనలేదేటి?"

అనలేదు. ఆ హాల్లో నేను అంతసేపు మాట్లాడాను. బండి అన్న మాట నా నోట రాలేదు. బొమ్మలో కూడా బండి లేదు. వీధులున్నాయి, బార్లున్నాయి, పీచు రంగుంది. ఏం కావాలో రాయడానికి చోటు ఎవరమూ పెట్టలేదు. ఆ చోటు ఏ రంగులో ఉండాలో తేలేసరికి ఇంకో వేసవి పట్టేదనుకోండి.

అందుచేత ప్రస్తుతం నా కార్యక్రమం ఇది. మిషను ఉన్న రోజుల్లో రత్నాలమ్మని నా పాత స్కూటర్ మీద మలుపు దాకా దింపుతున్నాను, తిరిగి వచ్చేవేళకి వెళ్ళి తెస్తున్నాను. ఆ స్కూటర్‌ని ఎంచుకోవడానికి ఏ కమిటీ కూర్చోలేదు. పెరట్లో ఉన్నది అదొక్కటే.

వచ్చే రివ్యూకి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళను. ఒకే ఒక వాక్యం తీసుకెళతాను. మీకు నవ్వులాటగా ఉంటుంది గానీ, ఇన్నాళ్ళూ బొమ్మల చాటున బతికినవాడికి, బొమ్మ లేకుండా ఒక వాక్యం చెప్పడం మాటలు కాదు. అందుకే ఇసక దారిలో హ్యాండిల్ అదిమిపట్టుకుని వెళ్ళినప్పుడల్లా సాధన చేస్తున్నాను.

"అయ్యా, మా ఊళ్ళోకి బండి పంపించండి."

వెనకనుంచి రత్నాలమ్మ నా భుజం తట్టింది.

"ఇంకాస్త గట్టిగా అను బాబూ. ఎనకాల కూకున్న నాకే ఇనిపించలేదు."