వేడి చేసే పెట్టె

ఆ పొద్దున ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. తెల్లారకముందే ఉలవలు వేయించడానికి కూర్చున్న నాయనమ్మ లస్మవ్వ. కొడుకు పేరెత్తితే చాలు కొంగు కళ్లకు ఒత్తుకునే తల్లి కోమల. పద్నాలుగేళ్లు మస్కట్‌లో ఉండి వచ్చి, పెట్టె కట్టడంలో తనను మించినవాడు జిల్లాలో లేడని నమ్మే చిన్నబాపు పరశురాములు. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నవ్యశ్రీ. ఇంటి యజమాని సాంబయ్య వడ్ల కొనుగోలు కేంద్రంలో తన కుప్పకు కాపలా ఉన్నాడు. నవ్యశ్రీ గొంతు ఎంత చిన్నదంటే, హాజరు పిలిచినప్పుడు ఆమె పలికింది సారుకు వినపడక, సగం రోజులు బళ్లో కూర్చుని కూడా గైర్హాజరైంది.

ఆ రోజు అనుకున్న పని చాలా చిన్నది. నవ్యశ్రీ అన్న రంజిత్ సైన్యంలో ఉన్నాడు. అతనితో ఒకే దళంలో పనిచేసే సుల్తానాబాద్ సాయిచంద్ సెలవు ముగించుకొని సాయంత్రం బయల్దేరుతున్నాడు. అయిదు కిలోల లోపు పెట్టె ఇస్తే రంజిత్‌కు అందిస్తానన్నాడు. మనుమడు మంచుకొండల్లో ఉన్నాడు కాబట్టి వేడి చేసే వస్తువులు తప్ప మరేవీ పెట్టెలోకి పోవద్దని లస్మవ్వ తీర్పు చెప్పింది.

ఏడింటికి, కోమల బర్రె దగ్గర ఉండగా, ఫోన్ మోగింది. నవ్యశ్రీ ఎత్తింది. అవతల రంజిత్.

"చెల్లే, మేం మంచుల లేమిప్పుడు. పది దినాలాయె, రాజస్థాన్‌కు మార్చిండ్రు. ఎండకు పెయ్యంత చెమటకాయలు. స్వెటర్లు, కారాలు ఏం వద్దని అవ్వకు చెప్పు. రెండు పల్చటి తువ్వాళ్లు, చెమటకాయల పౌడర్, గంతే. నాయినమ్మ వేడి చేసేటియి పంపిందనుకో, గీడ నేను ఉడికిపోత!"

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు. చెప్పాల్సింది ఒక్క ముక్క. నవ్యశ్రీ గుండె దిటవు చేసుకొని వంటింట్లోకి వెళ్లి, "నాయినమ్మా, అన్న..." అని నోరు తెరిచింది.

తెరిచిన ఆ నోట్లో లస్మవ్వ నువ్వుల ముద్ద కుక్కింది. "తిని చెప్పు బిడ్డా. పెయ్యి వేడెక్కుతుందా?"

ముద్ద గొంతు దిగేసరికి లస్మవ్వ శొంఠి దంచుతోంది. రోకటి చప్పుడులో రెండోసారి చెప్పిన మాట నవ్యశ్రీకే వినపడలేదు. మూడోసారి "అన్నకు గివి వద్దు" అని గట్టిగానే అంది.

"అన్నకు వద్దట, తనకు కావాలట," అని పరశురాములు నవ్వాడు. "ఓ అవ్వా, పిల్లకింకో ముద్ద పెట్టు."

పరశురాములు మస్కట్ నుంచి తెచ్చిన టీవీ తాలూకు ఖాళీ అట్టపెట్టె దించాడు. కాంటా అక్కర్లేదని, చేత్తో ఎత్తి చూస్తే తూకం గ్రాముతో సహా తెలుస్తుందని చెప్పాడు. ఏప్రిల్ నెల ఎండలో రెండు స్వెటర్లు తొడుక్కుని, పైన గొంగడి కప్పుకుని, వాటి పనితనం పరీక్షించడానికి వాకిట్లో నిలబడ్డాడు. పావుగంటలో అతని ముఖం పండుమిరపలా తయారైంది. "పనిజేస్తున్నయి," అని గొంగడి, స్వెటర్లు తీసి పెట్టెలో పెట్టాడు.

ఇక మిగిలింది ఎల్లిగడ్డ కారం. లస్మవ్వ దాన్ని మామూలు కంటే మూడింతల ఘాటుగా నూరింది. "అవ్వా, అన్న ఫోన్ చేసిండు..." అంటూ తల్లి వైపు తిరిగిన నవ్యశ్రీ నోట్లోకి ఆ కారం ముద్ద వెళ్లింది. మాట ఆగింది. కళ్లల్లోంచి, ముక్కులోంచి ధారలు కారాయి. నోరు పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తింది.

పక్కింటి పోశవ్వ గోడ మీంచి చూసి గుండె పట్టుకుంది. "అయ్యో నా తల్లీ, అన్న మీద ఎంత పావురమే, ఎంత ప్రేమే నీకు!" అని తనూ ఏడ్చింది. పోశవ్వ ఏడ్చేసరికి కోమల ఏడ్చింది. ముగ్గురు ఏడిస్తే వాడకట్టంతా ఊరుకుంటుందా? ఎందుకో అడగకుండానే నలుగురు వచ్చి కూర్చుని శోకాలు పెట్టారు. ఏడ్చి ఏడ్చి కాస్త తేరుకున్నాక, పెట్టె సంగతి తెలిసి, ఉత్త చేతులతో రావడం బాగుండదని తలా ఒకటి తెచ్చారు. ఒకరు మిరియాలు, ఒకరు రగ్గు. పోశవ్వ కుంపటి తెచ్చింది, అందులోకి డజను పిడకలు కూడా.

"మంచుల పిడకలేడ దొరుకుతయి?" అంది పోశవ్వ. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. ఒకామె కాళ్లు కట్టిన నాటుకోడిని తెచ్చి, కోడి కంటే వేడి చేసేది లోకంలో లేదంది. పరశురాములు పెట్టెకు గాలి రంధ్రాలు పొడిచాడు.

శోకాలు వడ్ల కేంద్రం దాకా చేరాయి. సాంబయ్య కుప్పను వదిలేసి, చెప్పులు కూడా వదిలేసి, ఉరికొచ్చాడు. "నా కొడుక్కేమైంది?" అని వాకిట్లో కూలబడ్డాడు. ఆయన్ను చూసి మళ్లీ అందరూ ఏడ్చారు.

"ఏం కాలే బాపూ, అన్న మంచిగున్నడు, కాకపోతే..." అని నవ్యశ్రీ మొదలుపెట్టింది.

"మంచిగున్నడా!" అని సాంబయ్య లేచి నిలబడ్డాడు. "మరి గీ ఏడుపులేంది?" తర్వాతి మాట వినే ఓపిక ఆయనకు లేదు. ఏడ్చినవాళ్లందరినీ వరసబెట్టి తిట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడు నవ్యశ్రీకి అదృష్టం కలిసొచ్చింది. పరశురాములు మార్కర్ ఇచ్చి, "నీ రాత మంచిగుంటది, పెట్టె మీద అన్న పేరు, జాగ రాయి," అన్నాడు. నోటితో కానిది చేత్తో అవుతుందని ఆమె నాలుగు వైపులా జానెడు అక్షరాలతో రంజిత్, రాజస్థాన్ అని రాసింది.

పరశురాములు దూరంగా జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. "దారం పట్టినట్టు సక్కగున్నయి గీతలు," అని మెచ్చుకున్నాడు. వెంటనే నాలుగు వైపులా గోధుమరంగు టేపు చుట్టేశాడు. మస్కట్ పెట్టెకు పేరు రాశాక, తడవకుండా టేపు వేయడం పద్ధతట. ఆపైన నైలాన్ తాడు, ఆపైన పాత చీర. లోపల కోడి కూసింది.

సాయిచంద్ కారులో వచ్చాడు. పెట్టెను ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు. "చిన్నబాపూ, అయిదు కిలోలన్న గద!"

"నాలుగున్నర ఉంటది," అన్నాడు పరశురాములు. "సైనికునివి గింత ఎత్తలేవా?"

పౌరుషం పొడుచుకొచ్చి సాయిచంద్ పెట్టెను ఈడ్చుకుంటూ కారు దాకా తీసుకెళ్లాడు. డిక్కీ తెరిచాడు. ఇక క్షణం ఆలస్యమైతే కుంపటీ, కారం, గొంగడీ రాజస్థాన్ ఎండలో రంజిత్ నెత్తిన పడతాయి. నవ్యశ్రీ పోయి డిక్కీకి అడ్డంగా నిలబడింది. పదిహేనేళ్లలో వాడని గొంతునంతా ఒక్కసారే వాడింది.

"అన్న మంచుల లేడు! రాజస్థాన్‌ల ఉన్నడు! ఎండకు మాడుతుండు!"

వాడకట్టంతా సాయిచంద్ వైపు తిరిగింది.

"అవ్, పది దినాలాయె మేం మారి," అన్నాడు సాయిచంద్. "మీకెరుక లేదా?"

లస్మవ్వ మనుమరాలి మీదికి లేచింది. "మరి పొద్దటిసంది నోట్లె ఏం పెట్టుకున్నవే?"

"నువ్వు పెట్టినయే, నాయినమ్మా!"

"ఎడారి సంగతి నన్నడుగుండ్రి," అని పరశురాములు ముందుకొచ్చాడు. "మస్కట్‌ల మేం..."

"చిన్నబాపూ, నువ్వు జర ఆగు," అంది నవ్యశ్రీ. ఆయన నిజంగానే ఆగాడు.

ఆమె ఇంట్లోకి ఉరికి, రెండు కొత్త తువ్వాళ్లు, పౌడర్ డబ్బా కవరులో చుట్టి తెచ్చింది. కవరు అరకిలో కూడా లేదు. సాయిచంద్ దాన్ని ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చున్నాడు. కానీ ఆనకట్ట ఒకసారి తెగాక నీళ్లు ఎవరి మాటా వినవు.

"సాయన్నా, తువ్వాలు తడిపి నెత్తికి కట్టుకొమ్మను. పౌడర్ స్నానమైనంకనే పూసుకొమ్మను. ఫోన్ చేసి సగం మాటకే పెట్టేయద్దను. నా పరీక్షలు మంచిగ రాసిన, లెక్కలల్ల ఒక్క ప్రశ్నే పోయిందను, అది కూడ నా తప్పు గాదు, ఎందుకంటే..."

"చెల్లే, పెద్దపల్లిల రైలు పోతదే."

"ఒక్క ముక్క! ఆ ప్రశ్నల త్రిభుజం ఉంది సూడు, దానికి..."

సాయిచంద్ దండం పెట్టి, కారు తలుపు వేసేశాడు.

నవ్యశ్రీ మాట ఆపడానికి తలుపు వేయాల్సి రావడం ఆ ఊళ్లో అదే మొదలు.