అంగిలికి గడి లేదు

జగ్గమ్మ ఇసుకలో పరిచిన ఎండుచేపల్ని తిరగేస్తున్న సమయానికే, క్యాన్సర్ ఇకమీదట ఎవరికీ నొప్పి కలిగించకుండా దొరకాలని నొప్పిరహిత నోటిపరీక్షల మండలి తీర్మానించింది. సూది లేదు, కత్తి లేదు. గొట్టంలో ఉమ్మితే చాలు, నోట్లో, గొంతులో ఏ మూల జబ్బున్నా ఉమ్మే చెప్పేస్తుంది. (దాన్ని దారిలో వృథా చేసేవారిపై చర్యలు పరిశీలనలో ఉన్నాయి.)

భావనపాడుకు ఉమ్మి సేకరణ ఉప సమన్వయాధికారి ధనరాజ్ ట్యాబ్‌తో వచ్చాడు. జగ్గమ్మ నోట్లో చుట్ట ఉంది. మా తీరంలో ఆడవాళ్లు కాల్చే తీరునే, నిప్పున్న కొస లోపలికి పెట్టుకుంది. అలాగైతే సముద్రపు గాలికి ఆరదు.

నాలుగో ప్రశ్న, పొగ తాగుతారా అని.

"పొగ మగోల్లు తాగుతారు బావూ. నాది అడ్డసుట్ట. బయటికి పొగేటైనా వస్తందా?"

ధనరాజ్ పరిశీలించాడు. రావడం లేదు. 'లేదు' అని నొక్కాడు. ప్రమాదం తక్కువ, గొట్టం మంజూరు కాదు అంది ట్యాబ్.

కోడలు దేవి చేపలగంప దించింది. "మా అత్త కారం ముట్టి రెండు నెల్లయినాది. అంగిట్లో తెల్లమచ్చ ఉన్నాది, సూడండి."

వంగి చూశాడు. ఉంది. నిజంగానే బాధపడ్డాడు. కానీ ఫారంలో నాలుకకు, బుగ్గకు, చిగుళ్లకు గడులున్నాయి. అంగిలికి లేదు. (తయారుచేసినవాళ్లు చుట్టను ఒక కొస నుంచే చూశారు.) నాలుగో ప్రశ్న జవాబు మార్చాలంటే సవరణల సంఘం కూర్చోవాలి. అది మూడు నెలలకోసారి కూర్చుంటుంది.

పొగ కనిపించేలా తాగేవారు ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. జగ్గమ్మ భర్త గంగులు బీడీ తాగుతాడు, కానీ చేపల వేటకెళ్లాడు. ఆ పేరు కొట్టగానే ట్యాబ్ సంతోషంగా గొట్టం మంజూరు చేసింది. దేవి దాన్ని అత్త నోటి దగ్గర పెట్టింది. ధనరాజ్ మర్యాదగా సముద్రం వైపు తిరిగాడు. (సూదీ కత్తీ అక్కర్లేని ఈ పరీక్షకు రోగి కూడా అక్కర్లేదని అలా రుజువైంది.)

పదిహేను రోజులకు కాగితం వచ్చింది. గంగులు ఉమ్మిలో క్యాన్సర్ గుర్తులున్నాయి, ఆయన వెంటనే శ్రీకాకుళం ఆసుపత్రికి రావాలి. తనకేమీ నొప్పి లేదనబోయిన గంగులు, భార్య ముఖం చూసి కంచం పక్కకు జరిపాడు. దేవి చివరి వాక్యం కూడా చదివింది. ఈ ఇంటి స్త్రీలకు పరీక్ష అవసరం లేదు.

జగ్గమ్మ ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుని, శ్రీకాకుళం ఆసుపత్రికని, జబ్బుపడిన గంగులుగా గడప దాటింది.