రంగు గ్యారంటీ చేపలు

ఎనభై రెండు వేసవిలో ఒక పొద్దున అబ్దుల్ రహిమాన్ వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఆళ్లగడ్డ రాములమ్మ కొడుకు పెళ్లి బట్టలకు వస్తోంది. ఆమెకు నచ్చితే చుట్టాలందరి బేరమూ తనదే. నచ్చకపోతే ఎదురంగడికి పోతుంది. కాబట్టి ఆమెను నంద్యాల బజారులోని తన బట్టల దుకాణంలో కాక, దాని వెనకే ఉన్న ఇంటి నడవలో, అద్దాల తొట్టి ముందు కూర్చోబెట్టాలి.

ఆ తొట్టిలో పగడపు రాళ్ల మధ్య రెండు సీతాకోక చేపలు తిరుగుతుంటాయి. పసుపు ఒళ్లు, కంటి మీదుగా నల్ల పట్టీ. వాటికి సముద్రపు నీళ్లు మద్రాసు నుంచి బట్టల బేళ్లతోపాటే లారీలో, టిన్నుల్లో వస్తాయి.

"వండుకోని చేపలకు ఇంత ఖర్చా?" అని భార్య మైమూనా నిలదీస్తే, "ఖర్చు గాదే, అది అంగడికి బోర్డు. బోర్డు రాయిస్తే దుడ్లు గావా?" అనేవాడు.

రాములమ్మ వదినలతో, ఆడబిడ్డలతో వచ్చి తొట్టి దగ్గరే నిలబడిపోయింది.

"ఏం రంగు సాయిబూ!"

"మా చీరలూ అంతేనమ్మా. ఈ చేప రంగు పోయిన్నాడే మా చీర రంగు పోయేది," అంటూ రహిమాన్ పసుపు చీర విప్పాడు.

కరెంటు పోయింది. కిటికీ లేని నడవ చీకటైంది. చేపలకు గాలి కొట్టే మోటారు ఆగింది. చేపలకు గాలి అందేలా రహిమాన్ ఒక చేత్తో చెంబెడేసి నీళ్లు తొట్టిలోనే ముంచి పోస్తూ, నోటితో బేరం సాగించాడు. బేరం కుదిరే వేళకు కరెంటు వచ్చింది. చీకటి పడితే ఆ చేపలు రాత్రయిందనుకుని వెలవెలబోతాయి, ఒంటి మీద మచ్చలు తేలతాయి. వెలుతురొచ్చిన కాసేపటికి గాని తేరుకోవు. రహిమాన్‌కు ఆ సంగతి తెలుసు. చెప్పేలోపే రాములమ్మ చూసేసింది.

"ఏందీ, చేప ఎలిసిపోయిందే!"

"నిద్రమ్మా. లేస్తే వస్తాది."

"నీళ్లల్లో ఉండే పోయింది గదా. చీర ఉతికేది గూడా నీళ్లల్లోనే!"

వదినలు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నారు. పెళ్లి బేరమంతా గుమ్మం దాటబోతోంది. రహిమాన్ తొట్టి పక్కన చేతికందిన నీళ్ల బకెట్లో చీర ముంచేశాడు.

"ఆ బకెట్ గాదు!" అని లోపలి నుంచి మైమూనా అరిచింది.

చీర పిండాడు. చుక్క రంగు దిగలేదు. రాములమ్మ బకెట్లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కొత్త చీర రంగు దిగకుండా ఉప్పునీళ్లలో నానేయడం ఆమె ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే.

"ఉప్పు కలిపి మాకే చూపిస్తాండావా?"

"అవి చేపల నీళ్లమ్మా!"

"చేపకు ఉప్పు కూరలో ఏస్తారు గాని, బతికుండంగనే ఏస్తారా యాడన్నా?"

"కావాలంటే తొట్టిలోవీ రుచి చూడు."

చూసింది. అవీ ఉప్పే.

"అంటే చేప రంగూ ఉప్పుతోనే ఆపినావు! అయినా నిలవకపాయె."

అప్పుడే తొట్టిలో మచ్చలు మెల్లగా కరిగాయి. రెండు చేపలూ పసుపుపచ్చగా తేలి, ఏమీ ఎరగనట్టు రాళ్ల చుట్టూ తిరిగాయి.

"ఎలిసిన రంగు మళ్లీ వచ్చెనే!" అంది రాములమ్మ.

అక్కడ ఊరుకుంటే సరిపోయేది.

"మా నీళ్లు అట్లాంటివి మరి," అన్నాడు రహిమాన్.

రాములమ్మ పెళ్లి బట్టలన్నీ అక్కడే తీసుకుంది. చీరకో చెంబు నీళ్లు కొసరు పెట్టించుకుంది. టిన్నులన్నీ ఖాళీ అయ్యాయి.

మరుసటి వారం రహిమాన్ తలుపు తెరిచేసరికి శిరివెళ్ల, బనగానపల్లె ఆడవాళ్లు గుమ్మం ముందు బారులు తీరి ఉన్నారు. సంబరంగా కొత్త బేలు విప్పించాడు.

"అవెందుకప్పా, నీళ్లు పొయ్యి," అంది ముందున్న ఆమె. అందరి చేతుల్లోనూ చెంబులు, చంకల్లో వెలిసిపోయిన పాత చీరలు.

"మీ బోర్డు బాగానే పనిచేస్తాంది," అంది వెనక నుంచి మైమూనా.