మస్కటు పెట్టె కన్ను

ఆ ఆదివారం ఎండ ఎక్కకముందే వేణువు వినాలని యల్లమంద అనుకున్నాడు. అంతకు మించి ఆ రోజుకు వేరే పని పెట్టుకోలేదు. మాచర్లలో దుర్గి రోడ్డు పక్కన అతనికి నాపరాళ్ళ అడితి ఉంది, దాని వెనకే ఇల్లు. వారమంతా రాళ్ళు కోసే చప్పుడు. ఆదివారం రంపం ఆగుతుంది. ఆ ఆగిన గాలిలో అతనికి పలకల మీది నీలి చారలు వాగుల్లాగా, తెల్లటి మరకలు మబ్బుల్లాగా కనిపిస్తాయి. లారీకి రాళ్ళు ఎత్తిస్తూ ఏదో ఒక పలక ముందు నిలబడిపోయి, మిగతావి ఎక్కాయో లేదో మరిచిపోయే మనిషి అతను.

వేణువు ఉన్నది బావమరిది వీరయ్య మస్కటు నుంచి తెచ్చిన పాటల పెట్టెలో. సెలవు మీద వచ్చినవాడు అక్క సుభాషిణికి దాన్ని కానుకగా ఇచ్చాడు. అప్పుడు కరెంటు లేకపోవడంతో ఉత్త మాటలతోనే వివరించి, తల్లి దగ్గరకు దుర్గి వెళ్ళిపోయాడు.

"దీనికి సూది ఉండదు బావా. లోపల కన్ను ఉంటది. ఈ డిస్కు పళ్ళెంలో పెట్టి నొక్కితే, అది చూసి పాడుద్ది. గరగరమనేది ఉండదు. వేలిమరక మాత్రం పడనీయొద్దు."

సుభాషిణి పెళ్ళికి ముందు సత్తెనపల్లిలో మేనత్త ఇంట్లో ఉండి వీణ నేర్చుకుంది. ఈ రాళ్ళ రొదలోకి వచ్చాక ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అయ్యో అనలేదు. అనకపోవడమే యల్లమందకు లోపల గుచ్చుకునేది. అందుకే ఆ పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లించి, గదిలో పెట్టె ముందు చాప పరిచి, ఆమెను కూర్చోబెట్టాడు.

"నువ్వు ముట్టుకోమాక. నీ చేతులకు పోపు నూనె ఉంటది," అని, తానే డిస్కును రెండు అరచేతుల మధ్య హారతి పళ్ళెంలా తెచ్చి పెట్టాడు. పళ్ళెం లోపలికి పోయింది. ఏదో సన్నగా తిరిగిన సవ్వడి. యల్లమంద కళ్ళు మూసుకున్నాడు. చీకట్లో ఎక్కడో వెదురుపొద మీద గాలి వీచినట్టయింది. ఆ గాలి అతని ఊహలోదే.

"ఏవయ్యా, ఇంగ్లీషులో ఆకుపచ్చగా ఏదో పడింది," అంది సుభాషిణి. "డిస్కు లేదంటంది."

"లేకపోవడం ఏంది? ఇప్పుడేగా పెట్టాను."

తీశాడు, పంచె చెంగుతో తుడిచాడు, పెట్టాడు. లేదంది. పెట్టెను బియ్యం డ్రమ్ము మీద నుంచి బల్ల మీదికి మార్చాడు. లేదంది. రాతి దుమ్ము అడ్డం పడిందేమోనని కిటికీలు మూశాడు. ఉక్కపోసింది గానీ అది మాత్రం మాట మార్చలేదు. కళ్ళెదుట ఉన్నదాన్ని పట్టుకుని లేదనే ఆ పొగరు యల్లమందకు నచ్చలేదు. రేడియోలు బాగుచేసే మక్బూల్‌ను పిలిపించాడు.

మక్బూల్ మూత విప్పి, అడుగున చింతగింజంత గాజుబుడిపెను చూపించాడు. "ఇదేనన్నా కన్ను." దూదికి స్పిరిటు అద్ది సుతారంగా తుడిచాడు. ఆ ఘాటుకు, వంగి చూస్తున్న యల్లమంద కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి.

"డిస్కు సరిగ్గానే పెట్టావా అన్నా?"

"పళ్ళెంలో పెట్టడం కూడా రాదంటావా నాకు?"

మక్బూల్ మర్యాదస్తుడు. మళ్ళీ అడగలేదు. "అయితే కన్ను పోయినట్టే. ఇంకో కన్ను వెయ్యాల. మన దిక్కు దొరకదు, బొంబాయిలో దొరుకుద్దేమో," అని మూత బిగించి, దూది అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

సుభాషిణి చాప మీద నుంచి లేచింది. బిందె తీసుకుని బావికి వెళ్ళింది. ఆ వెళ్ళడం చూసి యల్లమందకు కాలు నిలవలేదు. రోడ్డు మీదికి పోయి దుర్గి బస్సుకు చెయ్యెత్తాడు. కండక్టరు ఏసోబు ఫుట్‌బోర్డు మీది నుంచి తల వంచాడు.

"ఏసోబూ, దుర్గిలో మా వీరయ్యకు ఒక మాట చెప్పు. కన్ను కనపడట్లేదని చెప్పు. మక్బూల్ చూసి, పోయిందన్నాడు. ఇంకో కన్ను వెయ్యాలంట. వెంటనే రమ్మను."

ఏసోబు ఆ ఎర్రటి కళ్ళను, కారుతున్న నీళ్ళను చూశాడు. "ఎప్పటినుంచన్నా?"

"పొద్దుటినుంచి."

"మక్బూల్‌కు చూపిచ్చుకోవడం ఏందన్నా, అతను రేడియోలు చేసేటోడు గదా," అంటుండగానే బస్సు కదిలింది. "రోడ్డు మీద నిలబడమాక. గోడ పట్టుకుని మెల్లగా ఇంటికి పో."

ఏసోబులో ఇంత ప్రేమ ఉందని యల్లమంద ఎన్నడూ అనుకోలేదు. ఇంట్లోకి వచ్చి పెట్టె ముందు కూర్చుని, చేతిలో దూది పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. వినపడని వేణువును వింటూ చానాసేపు అలాగే ఉండిపోయాడు. నీలి చారల వాగులు కదిలాయి. మబ్బులు వాటి మీద నీడలు పరిచాయి. ఒడ్డున సుభాషిణి వీణ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతలో వాగులో ట్రాక్టరు వచ్చింది.

ట్రాక్టరు నిజంగానే వచ్చింది. దాని మీద నుంచి అత్తగారు నాంచారమ్మ దిగింది, వెనక దుర్గి బంధువులు కొందరు. గుమ్మంలోనే ఆవిడకు మూసిన కళ్ళు, చేతిలో దూది కనిపించాయి.

"ఎంత పనయిందయ్యా అల్లుడా."

యల్లమంద ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "ఏందత్తా, ఇంతమంది వచ్చారు?"

"ఇంతమంది ఉన్నారని ఎట్టా తెలిసింది నాయనా? అడుగుల చప్పుడా?" ఆవిడ వేళ్ళు చూపించింది. "ఇవి ఎన్ని?"

"ఊరుకో అత్తా. నేనేమన్నా చంటిపిల్లాడినా?"

"చెప్పలేకపోతున్నాడు," అంది ఆవిడ వెనక్కి తిరిగి. బంధువులు నిట్టూర్చారు. "నువ్వు దిగులుపడమాక. వీరయ్య ఇంక మస్కటు పోడు. అడితి వాడే చూసుకుంటాడు. డాక్టరు కోసం ఇప్పుడే పోయాడు. ఇంకో కన్ను వెయ్యాలన్నారంటగా. బొంబాయిదీ మద్రాసుదీ ఎందుకు? నాది ఒకటి తీసుకో. ఈ వయసులో నాకు రెండెందుకయ్యా?"

అప్పటికిగానీ కబురు ఎక్కడ వంకర తిరిగిందో యల్లమందకు తెలియలేదు. చెబుదామని నోరు తెరిచాడు. కానీ ఈ అత్తగారు పెళ్ళినాటి నుంచి తనను కలలు కనే రాళ్ళోడు అనే పిలిచింది. అలాంటి మనిషి కన్ను ఇస్తానంటుంటే, ఇది పెట్టె సంగతి అనడానికి మనసొప్పలేదు. అతని కళ్ళలో మళ్ళీ నీళ్ళు తిరిగాయి. ఈసారి స్పిరిటు వల్ల కాదు. ఆ నీళ్ళు చూసి నాంచారమ్మ ఏడ్చింది, ఆవిడను చూసి బంధువులు అందుకున్నారు.

మరో నీళ్ళబిందెతో వచ్చిన సుభాషిణి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె వెనకే వీరయ్య స్కూటరు ఆగింది. బడిలో జరుగుతున్న కంటి శిబిరం నుంచి డాక్టరు కృష్ణయ్యను లేపుకొచ్చాడు.

"ఎవరికమ్మా కన్ను పోయింది?" అన్నాడు డాక్టరు.

"పెట్టెకండీ," అంది సుభాషిణి.

ఏడుపు టక్కున ఆగింది. నాంచారమ్మ పెట్టెను చూసింది, అల్లుణ్ణి చూసింది, తుడుచుకున్న కొంగును చూసింది. "దీనికా నేను కన్నిస్తానంది?"

ఎలాగూ వచ్చాను కదా అని డాక్టరు మూత తీయించి టార్చి వేసి చూశాడు. "దీని కన్ను శుభ్రంగా ఉందే. నా శిబిరంలో ఇంత తేటగా ఒక్కటీ లేదు."

వీరయ్య పళ్ళెం బయటికి తీసి నవ్వాపుకున్నాడు. "బావా, బోర్లా పెట్టావు. అక్షరాలున్న వైపు పైకి ఉండాల."

"అక్షరాలా? రెండు వైపులా వెండి పళ్ళెంలాగా తళతళమంటుంటే అక్షరాలేంది?"

వీరయ్య డాక్టరు వైపు చూశాడు. డాక్టరు డిస్కును యల్లమంద చేతిలో పెట్టాడు. "చదవండి." యల్లమంద మొహం దగ్గర పెట్టుకున్నాడు. కాస్త దూరం జరిపాడు. ఇంకాస్త. చెయ్యి అయిపోయింది గానీ అక్షరం రాలేదు.

"పేపరు ఎట్టా చదువుతున్నారు?"

"ఈ మధ్య చదవట్లేదండి. వాళ్ళు సిరా తగ్గించారు."

"ఆకుపచ్చది నేనే చదివాను," అంది సుభాషిణి మెల్లగా. "నేనిన్నాళ్ళూ, పేపరు ముట్టకుండా కూర్చుంటే ఈయన ధ్యానంలో ఉంటాడనుకున్నా."

"చత్వారం. అద్దాలు పెట్టుకుంటే చాలు," అన్నాడు డాక్టరు. వీరయ్య గట్టిగా ఊపిరి వదిలి, "అయితే నేను మస్కటు పోవచ్చా?" అని అడిగాడు. నాంచారమ్మ అందరివైపూ తిరిగి, "కన్ను కనపడట్లేదని ఏసోబు చెప్పింది నిజమేగా," అంది నింపాదిగా.

ఈసారి డిస్కు సుభాషిణి పెట్టింది. ఆకుపచ్చ అక్షరాలు అంకెలయ్యాయి. గరగరలేని నిశ్శబ్దం ఒకటి ముందు వచ్చింది, దానిలోంచి వేణువు. గదిలో రాతి దుమ్ము ఎండచారలో మెల్లగా తేలుతోంది. సుభాషిణి వేళ్ళు తనకు తెలియకుండానే చాప మీద తీగలు మీటుతున్నాయి. యల్లమంద కళ్ళు మూసుకోలేదు. ఆ వేళ్ళు దూరంగా ఉన్నాయి కాబట్టి స్పష్టంగా కనపడుతున్నాయి. డాక్టరు శిబిరం మరిచిపోయాడు. బంధువులు గోడకు చేరగిలబడి కునికారు.

వేణువు ఆగింది.

"బాగానే ఊదాడు," అంది నాంచారమ్మ. "పాట ఎప్పుడు మొదలుపెడతాడే?"

"అదే పాటమ్మా. మాటలు ఉండవు."

నాంచారమ్మ పెట్టె వైపు వేలు చూపించింది.

"అయితే ఆ మక్బూల్‌ను ఇంకోసారి పిలవండి, నోరు కూడా చూస్తాడు."