ఎర్ర అట్ట

ఆదివారం పొద్దున్నే ఫస్టు షిఫ్టుకి బయల్దేరుతూ, కూతురి చదువుకి తన వంతు సాయం చేసి మరీ వెళ్ళాలనుకున్నాడు గురుమూర్తి. మర్నాడు వాసవికి పదో తరగతి లెక్కల ప్రీబోర్డు. హాఫియర్లీలో తప్పింది. ఈసారీ తప్పితే పదకొండులో లెక్కల గ్రూపు ఇచ్చేది లేదని స్కూలువాళ్ళు తేల్చేశారు. ఆ పిల్లకి ఆ గ్రూపు తప్ప మరొకటి అక్కర్లేదు.

సాయమంటే గురుమూర్తికి పూనకం. పావుగంటకోసారి బాదంపాల గ్లాసుతో వచ్చి, "ఎంతవరకొచ్చిందమ్మా?" అంటాడు. అలా అడిగినప్పుడల్లా వాసవికి సైన్ ఏదో కాస్ ఏదో కలగాపులగమైపోయేది.

ఆ పొద్దున టీవీకి కరెంటు రాకుండా మీటరు పక్కనున్న ఒక మెయిన్ కట్టేశాడు. ప్లాంటులో యంత్రాలు బాగుచేసేటప్పుడు తగిలించే ఎర్ర అట్ట దానికి వేలాడదీసి, కింద సంతకం పెట్టాడు. వేసినవాడు తప్ప ఇంకెవరూ ఆ అట్ట తియ్యకూడదు. ప్లాంటువాళ్ళకి అది వేదవాక్కు.

తీరా అతను వెళ్ళాక చూస్తే టీవీ నిక్షేపంగా పాడుతోంది. చీకటైంది మాత్రం కిటికీ లేని వాసవి గది. తల్లి భాగ్యరేఖ అట్ట మీద చెయ్యి వేసింది. అప్పుడే పేపరు కోసం మేడ దిగిన పైవాటా రమాకాంత్ చూశాడు. ఆయన ప్లాంటు సేఫ్టీ విభాగంలో రిటైరైన మనిషి.

"ముట్టుకోకమ్మా. వేసినోడే తియ్యాల."

"మా ఇంటి స్విచ్చికి కూడానేటి, బాబుగారూ?"

"ఇల్లయినా మిల్లయినా రూలు రూలే."

సాక్ష్యానికి ఇంకో ఇద్దరు రిటైర్డు మిత్రుల్ని పిలిచాడు. పుస్తకం పట్టుకుని హాల్లోకొచ్చిన వాసవికి ముగ్గురూ ఒకే లెక్కకి తలా ఒక సూత్రం చెప్పారు. మూడూ వేరువేరు. వాసవికి ఏడుపొచ్చింది.

షిఫ్టులో ఉన్నంతసేపూ గురుమూర్తి ఫోను లాకర్లో ఉంటుంది. భాగ్యరేఖ షిఫ్టాఫీసుకి ఫోన్ చేసి, "ఇంట్లో కరెంటు విషయమండీ, ఆయన్ని ఓసారి పంపండి," అంది. ఆడమనిషి ఆదివారం పూట ఇంత నెమ్మదిగా చెప్పిందంటే ఎవరికో షాకే కొట్టి ఉంటుందని ఫోర్‌మన్ తేల్చుకున్నాడు. గురుమూర్తిని అంబులెన్సులోనే ఎక్కించి పంపాడు.

ఈలోగా వాసవి పక్కింట్లోకి జారుకుంది. అక్కడ సీరియల్ హోరు, కుక్కరు కూతలు. తులసమ్మ తెరమీంచి కళ్ళు తిప్పకుండా, "కూచోయే, బఠాణీలు తిను," అంది. ఆ తర్వాత మరి మాట్లాడలేదు. ఎంతవరకొచ్చిందని అడిగే నాథుడు లేడు. లెక్కలు ఒకదాని వెంట ఒకటి తెగాయి.

బయట గుంపు చేరింది. "మరీజ్ కహాఁ హై?" అంటూ, రోగి ఎక్కడని హిందీలో అడిగాడు అంబులెన్సువాడు. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాసవి లేదు. గురుమూర్తి అంబులెన్సులోంచి దూకాడు. ఇల్లిల్లూ వెతికి, చివరికి హెల్మెట్‌తోనే తులసమ్మ హాల్లోకి దూసుకొచ్చాడు.

"ఇక్కడేటి చేస్తన్నావే?"

"ట్రిగనామెట్రీ అయిపోయింది నాన్నా. సబ్ హో గయా."

తిట్టబోయినవాడు గ్రీజు చేతుల్తోనే కూతురి తల పట్టుకుని ఏడ్చేశాడు. వాసవికి ఆయన మీద కోపం పోయి జాలేసింది.

నూటికి డెబ్భై ఎనిమిది వచ్చాయి. తల్లిదండ్రుల అండ ఉంటే పిల్లలు ఎందుకు చదవరని గురుమూర్తి వారం రోజులు కాంటీన్‌లో చెప్పుకున్నాడు.

అసలు పరీక్షల ముందు ఒకనాడు బాదంపాలు పట్టుకుని వెళ్ళేసరికి, గది తలుపుకి ఎర్ర అట్ట వేలాడుతోంది. కింద వాసవి సంతకం. మెట్ల మీద రమాకాంత్ నిలబడి చూస్తున్నాడు.

గురుమూర్తి కాసేపు ఆలోచించి, పాలు తనే తాగేశాడు.