అరవై కుర్చీల వీపులు

ఆ ఉదయం అత్తయ్య పెట్టుకున్న పని ఒక్కటే, కూర్చోవడం. మర్నాడే వార్డు ఎన్నిక. ప్రచారం గడువు కిందటి సాయంత్రం అయిదింటికి ముగిసింది. ఇరవై రోజులుగా గడపగడపకీ తిరిగి, మేడలెక్కి దిగి, ఆవిడ పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. అందుకని ఒక కుర్చీ కిటికీ పక్కకి లాక్కుని, ఇంకో కుర్చీ మీద కాళ్ళు చాపుకుని, కప్పు కాఫీ వేడిగా ఉండగానే తాగాలనుకుంది. అరవై కుర్చీలున్న మనిషికి అదేమంత పెద్ద కోరిక కాదు.

ఆవిడ ఎవరికి అత్తయ్యో పేటలో ఎవరికీ తెలియదు, అందరూ అలాగే పిలుస్తారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాక పేట సంఘానికి కార్యదర్శి అయింది. సంఘం అంటే దర్జీ కొట్టు మీద ఒక గది, ఒక బీరువా, చేతులు లేని అరవై ప్లాస్టిక్ కుర్చీలు. సంఘం మూడు ఎన్నికల్లో మనిషిని నిలబెట్టి మూడుసార్లూ పేటలో రోడ్లు వేసే కాంట్రాక్టరు చేతిలో ఓడిపోయింది. ఇంకొకరైతే గదికి తాళం వేసి పోయేవారు. అత్తయ్య నాలుగోసారి కుళాయి మేస్త్రిని నిలబెట్టింది.

మేస్త్రికి ఉపన్యాసం రాదు. మొదటి సభలో మైకు ముందుకి తోస్తే, "కుళాయి కారితే కబురు చెయ్యండి" అని దిగిపోయాడు. అయితే వార్డులో అతను కిందికి దూరి బాగుచెయ్యని వంటింటి తొట్టి లేదు. పల్లపు వీధులకి ఆరేళ్ళుగా బురదనీళ్ళు వస్తున్నాయి. పెద్ద పైపు ఎక్కడ పగిలిందో అతనికి తెలుసు. అక్కడ రోడ్డు తవ్వాలంటే వార్డు సభ్యుడి సంతకం కావాలి, కాంట్రాక్టరు ఆ సంతకం పెట్టడు, ఎందుకంటే ఆ రోడ్డు వేసింది ఆయనే. ఈసారి గెలుపు అందేలా ఉందని ప్రత్యర్థులు కూడా లోలోపల ఒప్పుకుంటున్నారు.

ఇక కుర్చీల సంగతి. అడిగినవాళ్ళకి లేదనకుండా ఇవ్వడం ఆ సంఘం ఆచారం. ఏ గుర్తుకి ఓటేస్తారని అడగరు, ఒక చీటీ రాయించుకుంటారు, అంతే. చీటీలు భద్రంగానే ఉండేవి, కుర్చీలే ఒకటొకటిగా మాయమయ్యేవి. విసుగెత్తి అత్తయ్య మొన్న బోర్డులు రాసే పెయింటరుని పిలిచి, మనవని తెలిసేలా వెనక ఏదైనా రాసిపెట్టమంది. అతను నిన్న సాయంత్రం అచ్చు పెట్టి రెండు గంటల్లో పని ముగించి, కుర్చీలన్నీ దొంతరలు పేర్చి, వీపులు గోడవైపు తిప్పి వెళ్ళాడు.

కాఫీ రెండో గుక్క దగ్గర బడి హెడ్మిస్ట్రెస్ వచ్చింది. పోలింగు ఆ బడిలోనే. ఉద్యోగులు పిల్లల బెంచీల్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డాలకి తగులుతున్నాయని, పన్నెండు కుర్చీలు కావాలని అడిగింది. అత్తయ్య చీటీ రాయించి ఒక దొంతర ఇచ్చేసింది. ఆవిడ అలా వెళ్ళిందో లేదో, కాంట్రాక్టరు భార్య మెట్లెక్కి వచ్చింది. వాళ్ళ ఆఫీసుకి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడట, అద్దెకి చెప్పిన కుర్చీలు రాలేదట. ఆవిడ మొహమాటపడుతుంటే అత్తయ్యే, ఎన్నికలు రేపటితో అయిపోతాయి, మనం ఈ వీధిలోనే ఉంటామని చెప్పి పది కుర్చీలు బండిలోకి ఎక్కించింది. శత్రువుకి కుర్చీ వేసే కార్యదర్శిని ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా చూడం.

ఆ తరవాత పెయింటరు వచ్చాడు, పని ఎలా ఉందో మెచ్చుకుంటారని. వస్తూనే ఒక కుర్చీ తీసి వెనక్కి తిప్పాడు. ఎర్రటి అక్షరాలతో "మన మేస్త్రికే మన ఓటు" అని ఉంది. కింద మేస్త్రి ఎన్నికల గుర్తు, చక్కటి కుళాయి బొమ్మ, దాని నుంచి మూడు చుక్కల నీళ్ళు.

అత్తయ్య కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. "సంఘం పేరు రాస్తావనుకున్నానయ్యా" అంది.

"మనవని తెలియాలన్నారు కదా అత్తయ్యా. దీనికంటే ఎలా తెలుస్తుంది?" అన్నాడు అతను. "పైగా ఇది మామూలు రంగు కాదు. పదేళ్ళు ఎండలో పెట్టినా పోదు."

సంఘం అధ్యక్షుడు అత్తయ్యకి స్వయానా మరిది, కోర్టులో గుమాస్తాగా చేసినవాడు. ఆయన కబురందుకుని వచ్చి, ఎన్నికల నిబంధనల పుస్తకం తెరిచి, వేలు పెట్టి ఒక పంక్తి చూపించాడు. "గడువు దాటాక, పోలింగు జరిగేచోట గుర్తు కనబడకూడదు వదినా. ఫిర్యాదు నిలబడితే మేస్త్రిని పోటీలోంచే తీసేస్తారు." ఈ మాట అంటున్నప్పుడు ఆయన కూర్చున్న కుర్చీ వెనకా కుళాయి ఉంది.

అత్తయ్య గబగబా మెట్లు దిగింది. కింద దర్జీ ఏదో ఆసుపత్రి కోసం కుట్టి కట్టలు కట్టిన దిండు గలీబులు కనిపించాయి. వాటిలో పన్నెండు అడిగి తీసుకుంది, నలగకుండా తెచ్చిస్తానని మాటిచ్చి. మరిదినీ మేస్త్రినీ వెంటబెట్టుకుని బడికి నడిచింది. కుర్చీలు అదృష్టవశాత్తూ గోడకి ఆనించి ఉన్నాయి. ముగ్గురూ కలిసి ఒక్కొక్క కుర్చీకీ గలీబు తొడిగారు. ఆఖరి గలీబు తొడుగుతుండగా ఎన్నికల అధికారిణి లోపలికి వచ్చింది, వెనకే కాంట్రాక్టరు తరఫు ఏజెంటు.

అధికారిణి ఆ తెల్లటి వరసని చూసి ఆగిపోయింది. ఎన్నో బడులు తిరిగింది కానీ తమ సిబ్బంది వీపుల గురించి ఆలోచించిన వార్డు ఇదొక్కటేనని మెచ్చుకుంది. పక్కగదిలో ఉన్న ఎనిమిది బడి కుర్చీలకి కూడా ఇలాంటివే తొడిగిస్తారా అని అడిగింది. అత్తయ్య మరిదివైపు చూసింది. మరిది పైకప్పువైపు చూశాడు. సరేనంటూ మరో ఎనిమిది గలీబుల కోసం ఆయన బయలుదేరాడు, బతుకుజీవుడా అనుకుంటూ.

ఏజెంటుకి మాత్రం ఈ ముచ్చట మింగుడుపడలేదు. కుళాయి గుర్తు మనుషులు వచ్చి పోలింగు గదిని ముస్తాబు చెయ్యడమేమిటి? హెడ్మిస్ట్రెస్ వాళ్ళతో కుమ్మక్కయిందని అక్కడికక్కడే కాగితం తీసి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు. ఆవిడకి రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది. గోడకి ఆనుకుని నిలబడి, నేను కుర్చీలు అడిగానంతే అని గొణుగుతోంది.

అత్తయ్య నోరు మూసుకుని ఊరుకుంటే మేస్త్రి బయటపడతాడు, హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం పోతుంది. నోరు తెరిస్తే హెడ్మిస్ట్రెస్ బయటపడుతుంది, మేస్త్రి పోతాడు, పల్లపు వీధుల బురదనీళ్ళు అలాగే ఉంటాయి. ఆవిడ గుమ్మం దగ్గరున్న మేస్త్రివైపు చూసింది. ఇరవై రోజుల ప్రచారంలో మాట్లాడనివాడు అప్పుడు మాట్లాడాడు.

"చెప్పెయ్యండి అత్తయ్యా. పగిలినచోట గుడ్డ చుడితే నేను మాత్రం ఎన్నాళ్ళు ఆపగలను?"

అత్తయ్య ముందుకొచ్చి మొదటి కుర్చీ గలీబు ఊడదీసింది. తరవాత రెండోది. ఎర్రటి అక్షరాలు వరసగా బయటికొచ్చాయి. "తప్పు నాది. రాయించింది నేను, చూసుకోకుండా ఇచ్చింది నేను, దాచబోయింది నేను. వీళ్ళకి దీంతో సంబంధం లేదు. ఏం రాసినా నా పేరు మీద రాయండి" అంది. అలాంటి మనిషి నిలబెట్టినవాళ్ళని మూడుసార్లు ఓడించిన వార్డు అది.

ఏజెంటు మొహం వెలిగిపోయింది. పాత కాగితం చింపి కొత్తది రాశాడు. ఈ గుర్తున్న కుర్చీ ఎవరి ఆవరణలో కనబడితే ఆ అభ్యర్థిని వెంటనే పోటీలోంచి తొలగించాలని, దయాదాక్షిణ్యాలు చూపరాదని, రెండు గీతలు కొట్టి మరీ రాసి సంతకం పెట్టాడు. అధికారిణి దాన్ని శ్రద్ధగా చదివి, మొత్తం కుర్చీలు ఎన్ని, ఎక్కడున్నాయని అత్తయ్యని అడిగింది.

"అరవై. ముప్పై ఎనిమిది మా గదిలో, పన్నెండు ఇక్కడ, పది కాంట్రాక్టరు గారి ఆఫీసులో."

ఏజెంటు చేతిలో కలం ఆగిపోయింది. అందరూ గేటు దాకా నడిచారు. వీధి చివర కాంట్రాక్టరు ఆఫీసు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల పెద్దమనిషి ఏదో చెబుతున్నాడు. ఆయనకి ఎదురుగా, వీధికి వీపులు పెట్టి, పదిమంది కార్యకర్తలు బుద్ధిగా కూర్చుని ఉన్నారు. పది వీపుల కిందా మన మేస్త్రికే మన ఓటు. దారిన పోయేవాళ్ళు ఆగి చదువుకుంటున్నారు. కాంట్రాక్టరు పోటీ విరమించి మేస్త్రికి మద్దతిచ్చాడన్న కబురు అప్పటికే కూరగాయల అంగడి దాకా పోయింది.

"మీ కాగితం ప్రకారం మొదట మీ అభ్యర్థినే తొలగించాలి" అంది అధికారిణి. "ఉంచమంటారా, తీసుకుంటారా?"

ఏజెంటు తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

నిజం చెప్పినవాళ్ళని శిక్షించడం అధికారిణికి ఇష్టం లేదు, అలాగని వదిలెయ్యడమూ కుదరదు. సాయంత్రం అయిదు లోపల అరవై కుర్చీల మీదా ఆ రాత పోవాలని ఆదేశమిచ్చింది. గదిలో తలుపులేసుకుని కాదు, నడివీధిలో, అందరూ చూస్తుండగా గీకాలి. ఎవరో దాచారన్న మాట రేపు రాకూడదు. అభ్యర్థి స్వయంగా అక్కడుండి గీకాలి. ఈ ఆదేశం ఆవిడ రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర కూడా వేసింది.

పన్నెండింటికి దర్జీ కొట్టు ముందు కుర్చీలు పరిచారు. గీకుడుబిళ్ళ పట్టడంలో మేస్త్రిని మించినవాడు ఆ వార్డులో లేడు, ఇరవై ఏళ్ళుగా పైపులకి పట్టిన తుప్పు గీకిన చెయ్యి అది. పెయింటరు చెప్పిన మాట నిజమే, రంగు ఒక పట్టాన పోలేదు. ఒక్కొక్క కుర్చీకి పావుగంట పట్టింది. దాంతో ఎండలో నేలమీద కూర్చుని తన పేరు తనే చెరుపుకుంటున్న అభ్యర్థిని చూడ్డానికి వార్డు వార్డంతా వచ్చింది. ఏమిటిదని అడిగినవాళ్ళకి అతను, చెప్పకూడదండీ, ప్రచారం అవుతుంది అని జవాబిచ్చి మళ్ళీ తల వంచుకునేవాడు. దాంతో వాళ్ళు వంగి చదువుకునేవారు.

రెండింటికి కాంట్రాక్టరు భార్య పది కుర్చీలూ బండి మీద పెట్టించుకుని స్వయంగా తీసుకొచ్చింది. అత్తయ్య తప్పంతా తనదేనని చెప్పబోతే ఆవిడ విననేలేదు. చీర చెంగు దోపుకుని ఒక గీకుడుబిళ్ళ అందుకుంది. "మా ఇంట్లో కుళాయి కారినప్పుడు ఇతను రాత్రీ పగలూ చూళ్ళేదు అత్తయ్యగారూ. రెండు కుర్చీలు గీకితే నా చేతులేం అరిగిపోవు" అంది, ఆఫీసువైపు చూడకుండా. హెడ్మిస్ట్రెస్ వచ్చింది. బడి పంతుళ్ళు వచ్చారు. దర్జీ గలీబుల సంగతి మరిచిపోయి తనూ ఒక మూల కూర్చున్నాడు. అత్తయ్య ఒక్కతే కూర్చోలేదు. నిలబడి, గీకిన ప్రతి కుర్చీనీ తడిగుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి పక్కన పెట్టింది. ఆదేశంలో లేకపోయినా పని మాత్రం నికార్సుగా జరగాలన్నది ఆవిడ స్వభావం.

నాలుగింటికి అధికారిణి జీపు అటుగా వచ్చి ఆగింది. మూడొందలమంది మధ్య ఒక్క అభ్యర్థి. చుట్టూ చూసింది, ముద్రవేసిన తన కాగితం దర్జీ తలుపుకి అంటించి ఉండటం కూడా చూసింది. ఆ ఇరవై రోజుల్లో సంఘం పెట్టిన ఏ సభకీ అందులో పదోవంతు జనం రాలేదు. త్వరగా ముగించండి అని మాత్రం అంది. మేస్త్రి వినయంగా తల ఊపాడు కానీ పని నాణ్యత విషయంలో తొందరపడే అలవాటు అతనికి లేదు. అయిదుకి రెండు నిమిషాల ముందు అరవయ్యో కుర్చీ మీద మూడో నీటిచుక్క చెరిగిపోయింది.

మేస్త్రి ముప్పై ఒక్క ఓట్లతో గెలిచాడు. ప్రమాణం చేసిన మర్నాడే సంతకం పెట్టి, పెన్ను జేబులో పెట్టుకుని, తనే గొయ్యిలోకి దిగాడు. నాలుగో రోజున పల్లపు వీధిలో ఒక ఇల్లాలు గాజుగ్లాసులో నీళ్ళు పట్టి అత్తయ్యకి తెచ్చి చూపించింది. అత్తయ్య గ్లాసు కిటికీ వెలుగులో పెట్టి, అవతలి గోడ మీద బోర్డు దాంట్లోంచి చదివింది. మూడు ఓటముల బరువు ఆ క్షణాన దిగిపోయి, అప్పుడు కూర్చుంది. కాసేపు ఏడ్చింది కూడా, అందులో దాచాల్సిందేమీ లేదు.

పేరు లేని ఆ కుర్చీల్లో వారం తిరక్కుండానే ఆరు మాయమయ్యాయి. అత్తయ్య మళ్ళీ పెయింటరుకి కబురు చేసి, ఈసారి సంఘం పేరు కాగితం మీద రాసి చేతికిచ్చింది. ఏ రంగు వాడమంటారని అతను అడిగితే, తడిగుడ్డతో తుడిస్తే పోయేది ఏదైనా పరవాలేదంది.